ఆవిరి కుడుములో బాతు

సంఘం సభ్యుల్లో చాలామంది ఆదివారాలు ఫ్లషింగ్ గుడికి వెళ్తూంటారు గనుక, ఆ చుట్టుపక్కల భోజనానికి పనికొచ్చే చోటు ఒకటి చూసి రాయమని పత్రికవారు మమ్మల్ని అడిగారు. గుడి క్యాంటీనులో దోశ గురించి రాస్తామని అనుకుని ఉంటారు. ఆ దోశ సంగతి ఈ చుట్టుపక్కల తెలియని తెలుగువారు ఎవరున్నారు? దాని కోసం మేము కాగితం ఖర్చు చేయనక్కరలేదు. అందుచేత మేము బాతుమాంసం పెట్టిన ఆవిరి బన్నుల గురించి రాస్తున్నాం. శాకాహారులైన సభ్యులు మన్నించి ఈ పేజీలు తిప్పేయవచ్చు. కాని చివరిదాకా చదివితే వారికీ పనికొచ్చే ముక్క ఒకటి రెండు ఉంటాయని మా నమ్మకం.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో "మేము" అంటే మేమిద్దరం, భార్యాభర్తలం. కలం ఒకరి చేతిలో ఉంది, పక్కన కూర్చుని దిద్దేవారు ఇంకొకరు. ఏ వాక్యం ఎవరిదో చెప్పం. "నాన్నగారు" అంటే మాలో ఒకరికి నాన్న, ఇంకొకరికి మామగారు. ఈ వ్యాసం వరకు ఇద్దరికీ నాన్నగారే.

ఏడో నంబరు రైలుకి మెయిన్ స్ట్రీట్ ఆఖరి స్టేషను. మెట్లెక్కి పైకి వస్తే చైనావారి అంగళ్ళు, చేపల దుకాణాలు, మందుల షాపులు, ఒకదాన్నొకటి తోసుకునే జనం. సెలవురోజు సాయంత్రం బీసెంటు రోడ్డులో నడిచిన బెజవాడవారికి ఈ జనం ఒక లెక్క కాదు. అక్కడినుంచి ఇరవై నిమిషాలు నడిస్తే బౌన్ స్ట్రీటులో గణపతి దేవస్థానం. 1977 జులై 4న కుంభాభిషేకం జరిగిన గుడి అది. 2022లో ఆ వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అన్న పేరు కూడా తగిలించారు. మేము 1996లో ఈ ఊరు వచ్చిన కొత్తల్లో కారు లేదు. గుడికి వెళ్ళాలంటే రైలు దిగి ఈ వీధులన్నీ దాటుకుంటూ నడిచేవాళ్ళం. ఆ దారిలోనే ఒక రెస్టారెంటు, దాని ముందువైపు ఒక కిటికీ, కిటికీలో వరసగా వేలాడదీసిన బాతులు. ఎర్రగా, నిగనిగలాడుతూ, కొత్తగా వార్నీషు వేసిన వీణల్లా ఉండేవి.

గుడికి వెళ్ళిన రోజు మేము మాంసం ముట్టం. ఆ నియమం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కాబట్టి ఆదివారం చూసి, శనివారం వచ్చి తినేవాళ్ళం. ఆ రోజుల్లో కిటికీ దగ్గర ఒక్కో బన్ను డాలరు లోపే. లోపల కూర్చుని తినడానికి మాకు ధైర్యమూ లేదు, డబ్బూ లేదు. చలిలో పేవ్‌మెంటు మీద నిలబడి, చెరొకటి తిని, రైలెక్కి ఇంటికి పోయేవాళ్ళం.

ఆ బన్ను ఎలా ఉంటుందో చెప్పాలి. గోధుమపిండి, కొంచెం చక్కెర, ఈస్టు కలిపి పొంగనిచ్చి, అరచేయంత బిళ్ళగా వత్తి, నూనె రాసి సగానికి మడిచి, వెదురు బుట్టలో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. పొయ్యిలో కాల్చరు గనుక పైన ఎర్రటి పెచ్చు రాదు. తెల్లగా, మెత్తగా, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచేలా ఉంటుంది. మడత విప్పి ఒక కుంచెతో నల్లటి తియ్యని సాసు రాసి, బాతు ముక్క ఒకటి చర్మంతో సహా పెట్టి, సన్నగా చీరిన ఉల్లికాడలు, కీరదోసకాయ ముక్క చేర్చి మూస్తారు. కొరికితే ముందు ఆ మెత్తదనం, తరవాత చర్మం కరకర, దాని కింద కరిగిపోయే కొవ్వు, మాంసం ఉప్పదనం, సాసు తీపి, చివర్న ఉల్లికాడ ఘాటు. నాలుగు కాట్లలో అయిపోతుంది. అయిపోయిందే అనిపించడం కూడా దాని రుచిలో భాగమే.

బాతుని ఇలా కాల్చి తినడం బీజింగువారి పద్ధతి. అక్కడ 1864లో పెట్టిన చ్వాన్‌జ్యూద అనే భోజనశాల ఇప్పటికీ దీనికే ప్రసిద్ధి. వాళ్ళు బాతు చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది ఉబ్బించి, మరిగే నీళ్ళు పోసి, తియ్యని పాకం పూసి, ఆరబెట్టి, అప్పుడు కాలుస్తారు. చర్మం అంత కరకరలాడడానికి ఈ తతంగమే కారణం. అయితే అక్కడ దాన్ని పలచటి రొట్టెలో చుట్టుకుని తింటారు, మన పుల్కాకి తమ్ముడనుకోండి. ఆవిరి బన్నులో పెట్టి ఇవ్వడం ఇక్కడి చైనా హోటళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. ఇటువంటి మడత బన్నుకి పుట్టిల్లు చైనాలో ఫూజియన్, తైవాన్ ప్రాంతాలు. అక్కడ అందులో పంది మాంసం పెడతారు.

ఇంతవరకూ హోటలు సంగతి. మేము దీని గురించి రాయడానికి అసలు కారణం నాన్నగారు.

2016లో అమ్మ పోయింది. మరుసటి ఏడు ఏప్రిల్లో నాన్నగారిని మా దగ్గరికి తీసుకొచ్చాం. ఆయనకప్పుడు డెబ్బై ఆరేళ్ళు. మనిషి సగమై ఉన్నారు. బరువు తూస్తే యాభై రెండు కిలోలు. గుండె కొంచెం బలహీనంగా ఉందని మన ఊరి డాక్టరు రాసి ఇచ్చిన కాగితం వెంట తెచ్చుకున్నారు. ఏం వండిపెట్టినా రెండు ముద్దలు తిని, "బాగుందమ్మాయ్, చాలు" అనేవారు. బాగుంటే ఎందుకు తినరు? రెండు పూటలా పెరుగన్నం, పక్కన ఆయన తెచ్చుకున్న మందుబిళ్ళలు. అంతే భోజనం.

ఇక్కడి డాక్టరు చూసి, రోజుకి కిలో బరువుకి ఒక గ్రాము చొప్పునైనా మాంసకృత్తులు తినాలన్నారు. అంటే యాభై గ్రాముల పైమాట. ఇంటికొచ్చి లెక్క వేశాం. కప్పు పెరుగులో ఎనిమిది గ్రాములు, కప్పు అన్నంలో నాలుగు. రెండు పూటలదీ కలిపినా పాతిక గ్రాములు దాటడం లేదు. పప్పు పెట్టాం, గుడ్డు పెట్టాం, కోడికూర వండాం. కోడికూర చూసి, "దీనికి వాసనా లేదు, రుచీ లేదు, దీన్ని కోడి అని ఎలా పోల్చారర్రా?" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లిగా అన్నారు.

మే నెలలో ఒక ఆదివారం గుడికి తీసుకెళ్ళాం. తిరిగి వస్తూ మెయిన్ స్ట్రీటులో నడుస్తూంటే మా పక్కన నాన్నగారు లేరు. వెనక్కి చూస్తే ఆ కిటికీ ముందు నిలబడి ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, పశువుల సంతలో గేదెను చూసినట్టు, బాతుల్ని ఒక్కొక్కదాన్నే చూస్తున్నారు.

"ఇన్ని బాతులు ఒకచోట చూసి యాభై ఏళ్ళయిందర్రా" అన్నారు.

ఆయన పుట్టింది కైకలూరు దగ్గర, కొల్లేటి పక్క ఊళ్ళో. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీళ్ళన్నీ కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. ఆ నీళ్ళ పక్కన ఆయన చిన్నతనంలో ఇంటికి నలభై బాతులుండేవట. పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తే వరసకట్టి నీళ్ళలోకి పోయేవి, పొద్దుగూకేసరికి పిలవకుండానే తిరిగొచ్చేవి. రాత్రి దొడ్డిలో పెట్టిన గుడ్లు తెల్లారి ఏరి బుట్టలో పెట్టడం పిల్లల పని. కోతలయ్యాక పొడుగాటి కర్ర పట్టుకుని చేలల్లో తోలితే రాలిన గింజలూ, నత్తలూ, పురుగులూ తిని బలిసేవి. తరవాత్తరవాత కొల్లేరు నిండా చేపల చెరువులు తవ్వారు. 2006లో వాటిని కొట్టించిన సంగతి సభ్యులు పేపర్లలో చదివే ఉంటారు. ఈ గొడవలన్నిటికీ ముందే మా ఇంటి బాతులు పోయాయి. మేమెవరం వాటిని చూడలేదు.

"ఇవి తినేవేనా?" అని అడిగారు.

"తినేవే నాన్నగారూ. కాని ఇవాళ గుడికి వెళ్ళొచ్చాం కదా."

"ఇవాళ అన్నానా నేను?"

ఆ వారమంతా ఆయన శనివారం కోసం ఎదురుచూశారు. బుధవారం నాడు, "ఇవాళ ఏ వారం?" అని రెండుసార్లు అడిగారు. అమ్మ పోయాక ఆయన రేపటి గురించి అడగడం అదే మొదలు.

శనివారం లోపలికే వెళ్ళి కూర్చున్నాం. వెదురు బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశారు. ఆవిరి పైకి లేచింది. నాన్నగారు ఆ తెల్లటి బన్నుల్ని కాసేపు చూసి, ఒకటి తీసుకుని, వేలితో నొక్కి, కొరికారు. నమిలారు. ఏమీ మాట్లాడలేదు. మొత్తం తినేశాక చెయ్యి తుడుచుకుంటూ, "కనుమనాడు మీ అమ్మ ఇదే చేసేది" అన్నారు.

మాకు వెంటనే బోధపడలేదు. తరవాత తట్టింది. కనుమనాడు అమ్మ మినప్పిండితో ఆవిరి కుడుములు వేసేది. వాసెన గుడ్డ మీద ఉడికించి, వేడివేడిగా తీసి, పక్కన మాంసం ఇగురు పెట్టేది. మాకు గుర్తున్నది కోడి ఇగురు. ఆయనకు గుర్తున్నది అంతకు ముందరిది, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మ అత్తగారి పొయ్యి దగ్గర వండిన బాతు ఇగురు.

"పిండి మినపది కాదు. అంతే తేడా" అని ఇంకొకటి తీసుకున్నారు.

ఇక అక్కణ్ణుంచి ప్రతి శనివారమూ ఫ్లషింగే. బాతు నరికే ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నాన్నగారికీ అంతే. డబ్బు తీసుకునే అమ్మాయి ఆయన కూతురు. ఆ అమ్మాయి ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు చేరవేసేది. ఆయన ఊళ్ళోనూ కోతలయ్యాక చేలల్లో బాతుల్ని తోలతారట. నాన్నగారు కర్ర పట్టుకున్నట్టు చెయ్యి చాపి, నోటితో బాతుల్ని పిలిచే పిలుపు పిలిచి చూపించారు. ఆయన కత్తి పక్కన పెట్టి, తన ఊరి పిలుపు పిలిచాడు. హోటలంతా తలలు తిప్పి చూసింది. మాకు కొంచెం సిగ్గేసింది. వాళ్ళిద్దరికీ వెయ్యలేదు.

ఇప్పుడు పోషణ సంగతి. ఇది మా ఇంట్లో పెద్ద తగువు అయింది కాబట్టి అంకెలతో సహా చెప్తాం.

చర్మంతో కాల్చిన బాతుమాంసం వంద గ్రాముల్లో సుమారు 337 క్యాలరీలు, 19 గ్రాముల మాంసకృత్తులు, 28 గ్రాముల కొవ్వు ఉంటాయి. చర్మం తీసేస్తే 201 క్యాలరీలకు దిగుతుంది, మాంసకృత్తులు 23 గ్రాములకు పెరుగుతాయి, కొవ్వు 11 గ్రాములే. ఇనుము రెండు రకాలుగానూ 2.7 మిల్లీగ్రాములు. చర్మం లేని కోడి రొమ్ము మాంసంలో ఇనుము ఒక మిల్లీగ్రామే. బాతు రొమ్ము కోడి రొమ్ములా తెల్లగా కాక ఎర్రగా ఉండడం గమనించే ఉంటారు. ఎక్కువసేపు ఎగరడానికి పనికొచ్చే కండ అది. అటువంటి కండలో ప్రాణవాయువును నిలవ చేసుకునే ఎర్రటి పదార్థం ఎక్కువ. చర్మం కింద అంత కొవ్వెందుకంటే, చన్నీళ్ళలో తేలే పక్షికి అది కంబళి వంటిది.

ఒక బన్నులో పాతిక గ్రాముల బాతు ఉందనుకుంటే, పిండితోనూ సాసుతోనూ కలిపి సుమారు రెండు వందల క్యాలరీలు, ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులు. రెండు తింటే పదిహేను గ్రాములు. మా వంటివారికి, పొట్ట తగ్గించుకోమని డాక్టరు చెప్పినవారికి, ఇది ఆలోచించి తినవలసిన తిండి. నాన్నగారి వంటి మనిషికి, బరువు పెరగవలసిన మనిషికి, ఇంతకంటే తేలికగా లోపలికి పోయే మార్గం లేదు. జులైకల్లా ఆయన యాభై నాలుగు కిలోలయ్యారు.

ఆ నెలాఖరులోనే పాదాలు వాచాయి. డాక్టరు చూసి, ఒంట్లో నీరు చేరుతోంది, ఉప్పు ఎక్కడినుంచో వస్తోంది అన్నారు. రోజుకి సోడియం 1500 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. ఏమేం తింటున్నారని అడిగితే మేము శనివారం బన్నుల గురించి చెప్పాం. నాన్నగారు నేలకేసి చూస్తూ కూర్చున్నారు. "ఆ సాసులన్నీ ఉప్పే" అన్నారు డాక్టరు.

ఆ నల్ల సాసు పేరు హాయ్‌సిన్. సోయా గింజలు, చక్కెర, వెల్లుల్లి, వెనిగరు వగైరాలతో చేస్తారు. ఆ పేరుకి చైనా భాషలో సముద్రపు తిండి అని అర్థమట. అందులో చేపా లేదు, రొయ్యా లేదు, మైసూర్‌పాకులో మైసూరు లేనట్టే. ఒక పెద్ద చెంచా సాసులో 258 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది.

మాలో ఒకరు అసలు హోటలే మానేద్దామన్నారు. ఇంకొకరు, తినక చచ్చే మనిషికి ఉప్పు మానిపించి ఏం బాగుచేస్తామన్నారు. రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు. చివరికి సాసు లేకుండా తినిపించేలా రాజీ పడ్డాం. హోటలు అమ్మాయికి చెప్పాం. వాళ్ళ నాన్న కుంచె ఎత్తి నాన్నగారి వైపు చూసేవాడు. మేము చెయ్యి అడ్డం ఊపేవాళ్ళం. కుంచె కింద పెట్టి, సాసుకి బదులుగా ఇంకో చిన్న ముక్క పెట్టేవాడు. మేము ఇంటినుంచి అల్లం, చింతపండు, బెల్లం కలిపి నూరిన పచ్చడి, ఉప్పు వెయ్యకుండా, చిన్న డబ్బాలో తీసుకెళ్ళేవాళ్ళం. నాన్నగారు ఏమీ అనకుండా తినేవారు. కాని మూడోది ఎన్నడూ అడగలేదు.

అక్టోబరులో ఆయన తిరుగు ప్రయాణం. ముందు శనివారం హోటల్లో కూర్చున్నప్పుడు, "ఈ ఒక్కపూటకి ఆ నల్లది రాయించండర్రా" అన్నారు. "డాక్టరు వద్దన్నారు కదా నాన్నగారూ" అన్నాం, ఇద్దరమూ ఒక్కసారే. "సరేలే" అని తినేశారు. విమానం ఎక్కించి వచ్చాం.

ఆయన గది సర్దుతూంటే అలమరలో దుప్పట్ల వెనకాల ఒక సీసా దొరికింది. అడుగున నూనె, రెండు మామిడి టెంకలు, కొంచెం ఆవపిండి. ఊరినుంచి వస్తూ చెల్లెలు ఇచ్చిన కిలో ఆవకాయ. ఆరు నెలల్లో మొత్తం అయిపోయింది. ఆ పెరుగన్నం ఒట్టి పెరుగన్నం కాదన్నమాట. వారానికి రెండు చెంచాల సాసు ఎక్కడ, పూటపూటా ఆవకాయ ఎక్కడ? ఉప్పు ఎక్కడినుంచి వస్తోందో డాక్టరు గదిలో తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

ఫోనులో అడిగితే చాలాసేపు నవ్వారు. "అది చెప్తే రెండూ మానిపించేవాళ్ళు. ఒక్కటన్నా మిగుల్చుకున్నాను" అన్నారు. "ఈసారి వచ్చినప్పుడు ఆవకాయ మానెయ్యండి, బన్ను సాసుతోనే తిందురుగాని" అన్నాం. సరేనన్నారు. 2018 జూన్‌లో నిద్రలోనే పోయారు. ఈసారి రాలేదు.

కుంచెతో ఒక బన్నుకి రాసేది ఒక చిన్న చెంచాడు. పెద్ద చెంచాలో మూడో వంతు. అంటే 86 మిల్లీగ్రాములు. ఈ లెక్క మేము తరవాత వేశాం. ఉప్పు తగ్గించమన్న డాక్టరు తప్పు చెప్పలేదు, గుండె బలహీనంగా ఉన్నవారు ఆ మాట వినవలసిందే. మేము చెప్పేదల్లా ఒకటే. ఇంట్లో పెద్దవారున్న సభ్యులు ఏదైనా మానిపించేముందు మొత్తం తిండి లెక్క చూడండి. అలమర కూడా చూడండి. మానిపించడానికి పెద్దది దొరికితే, చిన్నది వారికి మిగల్చవచ్చు.

ఇక ఖరీదు. డాలరుకి బన్ను వచ్చే రోజులు పోయాయి. మొన్న మేము లోపల కూర్చుని తిన్నప్పుడు రెండు బన్నుల పళ్ళెం పదకొండు డాలర్లు, టాక్సూ టిప్పూ వేరే. గిట్టుబాటేనా అని ఒకసారి ఇంట్లో చేసి చూశాం. చైనా బజారులో అయిదున్నర పౌన్ల బాతు ఇరవై ఎనిమిది డాలర్లకు కొని, పాకం పూసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో మూత లేకుండా ఆరబెట్టి, ఓవెన్లో కాల్చాం. ఎముకలు తీసి తూస్తే చర్మంతో కలిపి తొమ్మిది వందల గ్రాములు వచ్చింది. పాతిక గ్రాముల చొప్పున ముప్ఫై ఆరు బన్నులకు సరిపోతుంది. చల్లబరచిన బన్నుల పొట్లాలు, ఉల్లికాడలు, సాసు కలుపుకున్నా బన్నుకి డాలరున్నర దాటలేదు. పళ్ళెంలో కారిన కొవ్వు ఒక సీసాడు వచ్చింది. దానితో వారంపాటు బంగాళాదుంపలు వేయించుకున్నాం. ఇల్లంతా మూడు రోజులు వాసన వచ్చింది. చర్మం మాత్రం వాళ్ళదిలా రాలేదు. కాబట్టి మా తీర్పు ఇది: ఇరవైమంది చుట్టాలు వస్తే ఇంట్లో చేయండి. ఇద్దరే అయితే హోటలుకి వెళ్ళండి. పదకొండు డాలర్లలో సగం ఆ చర్మానికే ఇస్తున్నామనుకుంటే బాధ ఉండదు.

శాకాహారులకు చెప్తామన్న ముక్క: కూరగాయల బన్ను అని రాసి ఉన్నా అడిగి తినండి. కొన్నిచోట్ల మెత్తదనం కోసం పిండిలోనే పందికొవ్వు కలుపుతారు. నువ్వులు, సోయా పడనివారు సాసు గురించి కూడా అడగాలి.

చివరగా ఒక వార్త. ఈ దేశంలో పెంచే తెల్ల బాతుల్లో చాలావాటికి మూలం 1873లో చైనా నుంచి ఓడలో వచ్చి, ప్రయాణంలో చచ్చినవి చావగా మిగిలిన తొమ్మిది బాతులట. వాటి సంతతి మన పక్కనున్న లాంగ్ ఐలండ్‌లోనే బాగా వర్ధిల్లింది. ఒకప్పుడు అక్కడ పదుల కొద్దీ ఫారాలుండేవి. 1931లో ఒక బాతుల రైతు బాతు ఆకారంలోనే దుకాణం కట్టించాడు. ఫ్లాండర్స్ దగ్గర ఇప్పటికీ ఉంది, పిల్లలకు చూపించదగినది. ఊళ్ళు పెరిగి, భూముల ధరలు పెరిగి, ఫారాలు ఒక్కొక్కటే మూతపడి, 1908 నుంచీ నడుస్తున్నది ఒక్కటి మిగిలింది. 2025 జనవరిలో ఆ ఫారానికి పక్షుల జ్వరం సోకి దాదాపు లక్ష బాతుల్ని చంపవలసివచ్చింది. గుడ్లను మాత్రం కాపాడి, వాటినుంచి మళ్ళీ మంద మొదలుపెట్టే పని చేశారు. ఆ వార్త చదివిన రోజు నాన్నగారు ఉంటే ఏమనేవారో అనుకున్నాం. గుడ్లు మిగిలాయి కదర్రా అనేవారేమో.

ఆ వార్తకి కొద్దిరోజుల ముందు, కనుమనాడు, మేము ఫ్లషింగ్ వెళ్ళాం. బాతు నరికే ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఇప్పుడు కుంచె కూతురి చేతిలో ఉంది. మమ్మల్ని చూసి అలవాటు కొద్దీ కుంచె పక్కన పెట్టబోయింది. వద్దని, రెండింటికీ సాసు రాయమన్నాం. కొంచెం ఎక్కువే రాయమన్నాం.

వెళ్ళదలచినవారు శనివారం పదకొండు గంటల లోపు వెళ్ళండి, తరవాత కూర్చోడానికి చోటు దొరకదు. పెద్దవారిని వెంట తీసుకెళ్ళండి. నగదు ఉంచుకోండి. మీ ఇళ్ళల్లో కనుమనాడు ఆవిరి కుడుముల పక్కన ఏం వండేవారో రాసి పంపితే, పత్రికవారు వచ్చే సంచికలో వేస్తామన్నారు.